ఊరగాయలో ఉప్పు
ఉప్పులోనో పులుసులోనో నాని ‘ఊరిన’ కాయ గనుక ఊరగాయకు ఆ పేరు వచ్చింది. తెలుగు భోజనంలో దాని స్థానం మిరపకాయ కంటే పాతది. దక్షిణ అమెరికా, మెక్సికో ప్రాంతాలలో పుట్టిన మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ద్వారా భారతదేశానికి చేరింది. అంతకుముందు వంటకు కారం ఇచ్చినవి మిరియం, ఆవ, అల్లం. 1509 నుంచి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ కావ్యంలో విష్ణుచిత్తుడనే విష్ణుభక్తుడు అతిథులకు చలికాలంలో వడ్డించిన విందులో మిరియపు పొడి కలిపిన కూరలు, ఆవ పెట్టిన పచ్చళ్లు, ఊరగాయలు కనిపిస్తాయి గాని మిరప కనిపించదు. ఈనాడు కారానికి మారుపేరైన ఆవకాయ సైతం తన పేరులో ఆవనే నిలుపుకున్నది, ఇది విలువైన భాషాసాక్ష్యం.

ఊరగాయలో ఉప్పు రుచికి మాత్రమే కాక నిల్వకు కూడా ఆధారం: అది ముక్కలోని నీటిని బయటికి లాగి, సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన తేమను తగ్గిస్తుంది, మామిడి పులుపు, పైన తేలే నువ్వుల నూనె దానికి తోడవుతాయి. ఎండలో చెమటోడ్చి పనిచేసే కూలీకి, పెద్ద ముద్ద అన్నానికి చిన్న ముక్క నంజుకునే ఇంటికి ఆ ఉప్పు అక్కరకు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునంటుండగా, కూర్చుని పనిచేసే నేటి మనిషి పళ్లెంలో కూర, పప్పు, అప్పడాలు ఆ పరిమితిలో చాలా భాగాన్ని ఊరగాయ వడ్డించకముందే తినేస్తున్నాయి.