గాజు పగిలింది, ఉక్కు ఒరిగింది

1979 నవంబర్ 13. కాన్సస్ సిటీ మునిసిపల్ ఆడిటోరియం. అసలీ మ్యాచ్ ఇక్కడ జరగాల్సింది కాదు. కింగ్స్ బాస్కెట్‌బాల్ జట్టు సొంత గడ్డ కెంపర్ అరీనా. జూన్ 4న గాలివానకి దాని పైకప్పు కూలిపోయింది. తట్టాబుట్టా సర్దుకుని జట్టు ఈ పాత హాలుకి వచ్చిపడింది. ఎదురుగా ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్. వాళ్ల సెంటర్ డారిల్ డాకిన్స్‌కి 22 ఏళ్లు. 6 అడుగుల 11 అంగుళాల మనిషి. ఓర్లాండోలో హైస్కూల్ గడప దాటి, కాలేజీ మొహం చూడకుండా నేరుగా ప్రొఫెషనల్ ఆటలోకి దూకినవాడు. మూడో క్వార్టర్ మొదలైంది. బంతి అతని చేతికొచ్చింది.

అడ్డంగా కింగ్స్ ఆటగాడు బిల్ రాబింజైన్. డాకిన్స్ ఆగలేదు. ఎగిరాడు. వంద కిలోలు దాటిన ఒళ్లంతా గాల్లోకి లేచి, 10 అడుగుల ఎత్తులో ఉన్న ఇనప రింగులోకి బంతిని దిగ్గొట్టి, ఆ ఊపులోనే రింగుని కిందికి గుంజేసరికి, దాని వెనకున్న గాజు బోర్డు భళ్లున బద్దలై, పటికబెల్లం పలుకుల్లా నేలంతా చిందింది. రాబింజైన్ తల కాపాడుకుంటూ పరుగెత్తాడు. ఆట ఆగిపోయింది. కొత్త బోర్డు తెచ్చి బిగించాలి. అంతవరకూ ఎవరూ ఏమీ చేయలేరు.

ఇదే హాల్లో, 1957 మార్చిలో, ఇంతకంటే ఎత్తైన కుర్రాడొకడు ఆడాడు. విల్ట్ చాంబర్లేన్. 7 అడుగుల 1 అంగుళం. కాలేజీ ఫైనల్లో అతని కాన్సస్ జట్టు మూడు ఓవర్‌టైమ్‌లు పోరాడి, నార్త్ కరోలినా చేతిలో 54-53తో ఓడింది. అప్పటికి డాకిన్స్ రెండు నెలల పసివాడు. విల్ట్ దగ్గర బలానికేం లోటు? కానీ పొడుగు వల్లే నెగ్గుతున్నాడన్న మాట అతనికి గిట్టేది కాదు. ప్రొఫెషనల్ అయ్యాక, బంతిని రింగులోకి దిగ్గొట్టే డంక్ కొట్టగలిగిన చోట కూడా వెనక్కి వాలి షాట్ వేసేవాడు. వేళ్ల కొసల మీంచి బంతిని మెల్లగా జార్చేవాడు. లెక్కల పుస్తకం పట్టుకుని ఈ ఇద్దర్నీ పోల్చేవాళ్లు చూడనిది ఇదే. ఒకడు బలాన్ని దాచుకున్నాడు. రెండోవాడికి దాచడం చేతకాదు.

డాకిన్స్ తన డంక్‌కి బారెడు పేరు పెట్టాడు. ఉరుములు ఎగరడం, రాబింజైన్ ఏడవడం, గాజు పగలడం, అన్నీ అందులో ఉన్నాయి. ‘చాక్లెట్ థండర్’ అన్న పేరు మాత్రం గాయకుడు స్టీవీ వండర్ పెట్టిందని చెప్పేవాడు. జనం నవ్వుకున్నారు. ఏదో ఒక్కసారి అలా జరిగిందిలే అనుకున్నారు. డిసెంబర్ 5 వచ్చింది.

ఫిలడెల్ఫియా స్పెక్ట్రమ్. సొంత జనం. ఎదురుగా శాన్ ఆంటోనియో స్పర్స్. డాకిన్స్ మళ్లీ లేచాడు. మళ్లీ భళ్లుమంది. నెల తిరక్కుండా రెండో బోర్డు! ఈసారి లీగ్ కమిషనర్ లారీ ఓబ్రయన్ ఊరుకోలేదు. ఇకమీద బోర్డు పగిలితే జరిమానా, సస్పెన్షన్ అన్నాడు. కానీ తప్పు మనిషిదా, రింగుదా?

రింగుదే. కదలని ఇనుము, వెనకాల గాజు. లాగిన బరువంతా పోయి గాజు మీద పడేది. దీనికి మందు అప్పటికే ఇల్లినాయ్‌లోని లౌడర్ అనే పల్లెలో తయారై ఉంది. అక్కడ ధాన్యం గోదాము నడిపే ఆర్థర్ ఎహ్రట్‌కి బాస్కెట్‌బాల్‌తో పనే లేదు. కోచింగ్‌లో ఉన్న మేనల్లుడు అడిగాడని, పొలం దున్నే జాన్ డీర్ పనిముట్టు స్ప్రింగు తీసుకొచ్చి రింగు వెనక పెట్టాడు. బరువు పడితే రింగు వంగుతుంది. వదిలితే లేస్తుంది. 1981-82 సీజన్‌కి అలాంటి రింగులే లీగంతా వచ్చేశాయి. 1982లో ఎహ్రట్‌కి పేటెంట్ దక్కింది. గాజు గండం గట్టెక్కిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎన్నాళ్లు?

1993 ఫిబ్రవరి 7. ఫీనిక్స్. ఓర్లాండో మ్యాజిక్ కొత్త సెంటర్ షకీల్ ‘షాక్’ ఓనీల్‌కి ఇంకా 21 నిండలేదు. 7 అడుగుల 1 అంగుళం, దాదాపు 136 కిలోలు. డంక్ కొట్టి నేల మీదికి దిగాడు. గాజు పగల్లేదు. కానీ బోర్డు వెనకున్న ఉక్కు చెయ్యి, ఇక నావల్ల కాదన్నట్టు ముడుచుకుంటూ, బోర్డునీ రింగునీ వెంటేసుకుని కిందికి వాలిపోయింది.

డాకిన్స్ పగలగొట్టింది గాజుని. అదీ వంగని రింగు ఉన్న రోజుల్లో. షాక్ ముందున్నది వంగే రింగు, దెబ్బని మింగడానికే పుట్టిన రింగు. అది మింగగా మిగిలిన బలమే స్టాండుని పడేసింది. బరువైన చెయ్యి ఎవరిదంటే, సందేహం లేదు, షాక్‌దే. ఆట సామాన్లనే మార్పించిన మొనగాడు మాత్రం డాకిన్స్. షాక్ కూడా ఆ పని చేయడానికి ఎంతో కాలం పట్టలేదు.

అదే ఏడాది ఏప్రిల్ 23. న్యూజెర్సీ. షాక్ రింగు పట్టుకుని వేలాడాడు. ఈసారి బోర్డు ఆధారాన్ని తెంచుకుని ఊడొచ్చింది. పైనున్న షాట్‌క్లాక్ అతని మీదికే విరుచుకుపడింది. షాక్ లేచి నిలబడ్డాడు. లీగ్ మళ్లీ ఇంజనీర్లకి పని చెప్పింది, ఈసారి స్టాండ్లని బలంగా కట్టమని.