పైన్ బోన్సాయ్‌కి కొత్త కొమ్మ: ఒక వాక్యానికి వ్యాఖ్య

చలి ముగిసే వేళ, నిద్రలో ఉన్న పుల్లను, బోసిపోయిన చోట, కాండం మీది ఏటవాలు గాటులో, జీవపొరకు జీవపొర ఆనేలా దూర్చి, కట్టి, తేమ ముసుగులో ఉంచాలి.

జపాన్ నల్ల పైన్, అంటే కురోమత్సు బోన్సాయ్ కాండానికి కొత్త కొమ్మ అంటుకట్టే పనంతా ఈ వాక్యంలో ఉంది. ఇక పదాల సంగతి.

బోసిపోయిన చోట: అన్వయం ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఈ మాట లేకపోతే మిగతా పనికి కారణమే లేదు. ముదురు మామిడిని మోడుగా కొట్టినా బెరడు చీల్చుకుని చిగుళ్ళు వస్తాయి. పైన్‌కి ఆ గుణం లేదు. సూదుల్లాంటి ఆకులు ఉన్నంతమేరే కొమ్మ మీద కొత్త మొగ్గకు ఆశ ఉంటుంది. ఆకు రాలి బెరడు ముదిరిన భాగం సాధారణంగా మళ్ళీ చిగురించదు. అందుకే పట్టించుకోని చెట్టులో పచ్చదనమంతా కొసలకు చేరి, నడుమ ఉత్త కర్ర మిగులుతుంది. కింది కొమ్మ ఒక్కటి ఎండిపోయినా 40 ఏళ్ళ చెట్టు తీరు చెడుతుంది. అలాంటప్పుడు అంటుకట్టడమే దిక్కు. చోటు ఎంచేటప్పుడు కాండం వంపు బయటి వైపు చూడాలి. లోపలి వైపు నుంచి వచ్చిన కొమ్మ ఎంత బలంగా పెరిగినా అతికించినట్టే కనిపిస్తుంది.

చలి ముగిసే వేళ: జపాన్‌లో ఫిబ్రవరి, మార్చి మొదటి రోజులు. వేళ్ళలో కదలిక మొదలవ్వాలి, మొగ్గ మాత్రం విచ్చకూడదు.

నిద్రలో ఉన్న పుల్ల: నిరుటి ఎదుగుదల, కొసన నిండైన మొగ్గ, పైన కొన్ని జతల ఆకులు. కింది ఆకులు తీసేస్తారు. వీలైతే ఆ చెట్టు పుల్లే వాడాలి. గింజ నుంచి పెరిగిన ఏ రెండు పైన్‌లకీ ఆకు పొడవు, రంగు ఒకేలా ఉండవు. పరాయి పుల్ల అతికినా పదేళ్ళ తర్వాత కూడా పరాయిదిగానే ఉంటుంది. అయితే జాతులు కలపడం తప్పేమీ కాదు. ఒక్కో కట్టకు అయిదు ఆకులుండే తెల్ల పైన్, గోయోమత్సును, వేళ్ళ బలం కోసం నల్ల పైన్ మొదలు మీద కట్టడం జపాన్ నర్సరీల పాత పద్ధతి. కింద గరుకు బెరడు, పైన నున్నటి బెరడు చూసి అతుకెక్కడో పట్టేయవచ్చు. షికోకు ద్వీపంలో తకమత్సు నగరపు కినాషి, కొకుబుంజి ప్రాంతాలు పైన్ బోన్సాయ్‌లకు పెట్టింది పేరు. జపాన్ పైన్ బోన్సాయ్‌లో దాదాపు 80 శాతం అక్కడిదేనంటారు.

ఏటవాలు గాటు: ముందు అట్టలు కట్టిన పైబెరడును పలుచగా చెక్కుతారు. తర్వాత పదునైన కత్తితో, పైనుంచి కిందికి, ఒక్క కోతలో గాటు పెడతారు. పుల్ల అడుగును మేకులా చెక్కుతారు: ఒక వైపు సుమారు 2 సెంటీమీటర్ల పొడవు, రెండో వైపు పొట్టి. రెండు మూడు సార్లు చెక్కితే కోత చదునుగా ఉండదు, పైగా పైన్ జిగురు ఊరి ముఖం మీద పేరుకుంటుంది. గాటు వాలే రేపటి కొమ్మ వాలు, కాబట్టి కత్తి పెట్టకముందే కొమ్మ ఎటు పోవాలో తేల్చుకోవాలి.

జీవపొరకు జీవపొర: అంటు తప్పితే ఎక్కువగా ఇక్కడే తప్పుతుంది. బెరడుకూ కర్రకూ మధ్య ఉండే కేంబియం పొర చాలా పలుచన, కొత్త కణాలు పుట్టేది అక్కడే. పుల్ల బెరడు సన్నం, కాండం బెరడు మందం. రెంటి పైఅంచులను సమంగా పెడితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ లోపలి పొరలు కలవవు. పుల్లను కాస్త లోపలికి జరిపి, గాటులో ఒక అంచుకు ఆనించాలి. రెండు వైపులా కుదరకపోతే ఒక్క వైపు కుదిరినా చాలు.

కట్టి: సాగే అంటు టేపుతో, కదలకుండా.

తేమ ముసుగు: పుల్లకు ఇంకా నీరందే దారి లేదు. తడి నాచుతో పారదర్శకమైన కవరు తొడిగి, చెట్టును నీడన ఉంచుతారు. ఆకు పచ్చగా ఉందని మురిసిపోకూడదు. చచ్చిన పైన్ పుల్ల కూడా వారాలపాటు పచ్చగానే ఉంటుంది. మొగ్గ సాగితేనే అతికినట్టు. అప్పుడు కూడా కవరుకు చిన్న చిల్లులు పెట్టి, మెల్లమెల్లగా గాలి అలవాటు చేయాలి.

వాక్యంలో లేని పద్ధతి మరొకటి ఉంది, యోబిత్సుగి. కుండీలోని చిన్న మొక్కను గానీ, అదే చెట్టు పొడుగాటి రెమ్మను గానీ తెంచకుండా కాండం గాడిలో పొదిగి, ఏడాదో రెండేళ్ళో ఆగి, అతికాక వెనక భాగం కోస్తారు. అన్నాళ్ళూ దాని తిండి దానిదే కనుక ఎండిపోయే భయం తక్కువ. బెరడు మరీ మందంగా ఉన్న చెట్టుకూ, చేయి తిరగని వాళ్ళకూ ఇదే మేలని నా అభిప్రాయం.

పుల్ల పద్ధతే చేస్తామంటే, ఒక కొమ్మ కోసం ఒక్క పుల్లతో సరిపెట్టకండి. దగ్గర దగ్గరగా రెండు మూడు కట్టి, అతికినవాటిలో మంచిదాన్ని ఉంచుకోండి. దానికి తీగ చుట్టే తొందర మాత్రం మొదటి ఏడాది వద్దు.