మైనంలో మొదలయ్యే మన ఇత్తడి: ఓజాల పోతపని చరిత్ర, తొలి పాఠం

పెర్సాపేన్ పూజలో మోగే గంట, దండారిలో గుస్సాడీ కాళ్లకు కట్టే గజ్జెలు, పశువు మెడలో వేలాడే చిరుగంట, ఇంట్లో వెలిగే ఇత్తడి దీపం. ఇవన్నీ మన పండుగలతో, మన దేవతలతో ముడిపడిన వస్తువులు. గోండు గూడేలకు తరతరాలుగా వీటిని పోసి ఇచ్చినవారు ఓజాలు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఉషేగాం, కెస్లాగూడ వంటి ఊళ్లలో ఇప్పటికీ కొన్ని కుటుంబాలు ఈ పని చేస్తున్నాయి. బయటి ప్రపంచం దీన్ని డోక్రా అంటుంది. ఆ పేరు బెంగాల్, ఒడిశా ప్రాంతాల్లో ఇదే పని చేసే డోక్రా దామర్ల నుంచి వచ్చింది. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు పేరును కాపాడుతుంది. పనిని కాపాడాల్సింది మాత్రం నేర్చుకునే చేతులే.

ఎంత పాత విద్య?

1926లో మొహెంజోదారో తవ్వకాల్లో ఒక కంచు బొమ్మ దొరికింది. దాని ఎత్తు సుమారు పదిన్నర సెంటీమీటర్లు, అంటే అరచేతిలో ఇమిడేంత. నాట్యకత్తెగా పేరుపొందిన ఆ బొమ్మకు దాదాపు 4,500 ఏళ్ల వయసు. దాన్ని ముందు మైనంతో మలచి, తర్వాత లోహంలో పోశారు.

మన గోదావరికి ఉపనది అయిన ప్రవర ఒడ్డున, మహారాష్ట్రలోని దైమాబాద్‌లో, 1974లో ఒక భిల్లు రైతు చెట్టు వేళ్లు తవ్వుతుంటే నాలుగు లోహపు బొమ్మలు బయటపడ్డాయి. అవి ఎడ్లు కట్టిన రథం, ఏనుగు, ఖడ్గమృగం, దున్న. నాలుగూ కలిసి అరవై కిలోల పైమాటే. హరప్పా నాగరికత చివరి దశకు చెందినవని చాలామంది పండితుల అభిప్రాయం.

తర్వాతి కాలంలో ఈ విద్య గ్రంథాలకూ ఎక్కింది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో దీన్ని వర్ణించాడు. సంస్కృతంలో దీని పేరు మధూచ్ఛిష్ట విధానం. తేనె తీశాక మిగిలేది మైనం, అందుకే ఆ పేరు. మైనాన్ని తూచి, ఎంత లోహం కావాలో లెక్కగట్టాలని ఆ గ్రంథం చెబుతుంది. ఓజాలకు మాత్రం ఈ విద్య పుస్తకంలో లేదు. తండ్రి పక్కన, తల్లి పక్కన కూర్చుని చూస్తూ, చేస్తూ నేర్చుకున్నదే.

చిన్న గంటతో మొదలుపెట్టండి

ఈ పని నేర్వాలనుకునే యువతీ యువకులు మొదట నెమలినో ఏనుగునో ఎత్తుకోవద్దు. బొటనవేలంత గంట చాలు. దానికి కారణం ఉంది. మైనం కరిగిపోయాక లోపలి మట్టిముద్ద కదలకుండా నిలవాలి. గంటకు నోరు తెరిచే ఉంటుంది కాబట్టి, అక్కడ లోపలి మట్టి బయటి మట్టితో కలిసిపోయి గట్టిగా నిలుస్తుంది.

మెత్తగా జల్లించిన మట్టిలో పేడ, ఊక కలిపి, కావలసిన గంట కన్నా కాస్త చిన్నగా ముద్ద చేయాలి. నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తేనెమైనంలో గుగ్గిలం వంటి చెట్టు బంక కలిపి, వెచ్చబెట్టి, సన్నని దారాలుగా తీయాలి. ఆ దారాలను మట్టిముద్ద చుట్టూ ఒకదాన్నొకటి తాకేలా, సందు లేకుండా చుట్టాలి. ఇప్పుడు మైనం ఎంత మందంగా ఉంటుందో రేపు ఇత్తడి అంతే మందంగా ఉంటుంది. ఒకచోట మరీ పలచనైతే లోహం అక్కడికి చేరకముందే గడ్డకట్టి, గంటకు చిల్లు పడుతుంది. వేలిముద్ర పడితే అదీ ఇత్తడిలో కనిపిస్తుంది.

లోహం పోయడానికి దారి కావాలి. మందంగా ఉన్నచోట ఒక మైనపు కడ్డీ అతికిస్తే అదే దారి. పైన మొదటి పూత మెత్తని మట్టితో పలచగా, గాలి బుడగలు లేకుండా వేయాలి. నగిషీని పట్టుకునేది ఆ పూతే. అది ఆరాక ముతక మట్టితో మందంగా పూయాలి.

గజ్జెలో ఇంకో యుక్తి ఉంది. లోపలి మట్టిముద్దలోనే చిన్న ఇనుప గుండు దాచిపెడతారు. పోత అయ్యాక చీలికలోంచి మట్టిని గీకి తీసేస్తే గుండు లోపలే ఉండిపోయి గలగలమంటుంది.

లెక్క కూడా తేలికే. ఇత్తడి మైనం కన్నా సుమారు తొమ్మిది రెట్లు బరువు. పది గ్రాముల మైనం వాడితే దాదాపు తొంభై గ్రాముల ఇత్తడి కావాలి. పోత దారి నిండడానికి ఇంకొంత కలుపుకోవాలి.

ఇక్కడివరకు ఇంటి అరుగు మీద చేసుకోవచ్చు. కొలిమి పని మాత్రం పెద్దల దగ్గరే చేయాలి. మైనం అరవై డిగ్రీలు దాటగానే కరుగుతుంది. ఇత్తడి కరగాలంటే తొమ్మిది వందల డిగ్రీలు దాటాలి. అచ్చులో కాస్త తడి ఉన్నా ఆవిరి లేచి, కాగిన లోహం ఎగజిమ్ముతుంది. ఇత్తడిలోని జింకు పొగ ఊపిరికి హాని. అందుకే అనుభవజ్ఞులు అచ్చును బాగా కాల్చి, గాలి ఆడేచోటే పోస్తారు.

దాచుకోవడానికి అచ్చు లేదు

లోహం చల్లారాక అచ్చును పగలగొడతారు. మైనం ముందే పోయింది, ఇప్పుడు మట్టీ పోయింది. మళ్లీ అలాంటి గంట కావాలంటే మొదటి నుంచి చేయాల్సిందే. అందుకే ఏ రెండు గంటలూ ఒకేలా ఉండవు.

ఈ విద్యకు ఉన్న అసలు ప్రమాదమూ ఇదే. రాతి విగ్రహాన్ని చూసి మరో శిల్పి అనుకరించవచ్చు. అచ్చు దాచిన కంపెనీ యాభై ఏళ్ల తర్వాతా అదే వస్తువు తీయగలదు. ఓజా ఇంట్లో వారసులకు దాచిపెట్టే అచ్చు లేదు. మట్టిలో ఎంత ఊక కలపాలి, మైనం ఏ వేడిలో సాగుతుంది, కొలిమి మంట రంగు ఎలా ఉన్నప్పుడు పోయాలి అన్నది చేయి, కన్ను నేర్చుకోవాలి. ఒక్క తరం కూర్చుని నేర్చుకోకపోతే, మ్యూజియంలో ఎన్ని బొమ్మలున్నా వాటిని చూసి ఈ పని తిరిగి రాదు.

పెద్ద సంత సరుకు, మిషన్ మీద చేసిన గంటలు చవగ్గా దొరుకుతున్నాయి. ఇత్తడి ధర, బొగ్గు ధర పెరిగాయి. ఇన్ని రోజుల పనికి తగిన కూలి రాకపోతే ఓజాల పిల్లలు వేరే దారి చూసుకోవడంలో తప్పు లేదు. కాబట్టి మన బాధ్యత రెండు వైపులా ఉంది. గూడెం దేవతకు కొత్త గంట కావలసినప్పుడు ఓజాల దగ్గరే చేయించి, తగిన ధర ఇవ్వాలి. నేర్చుకోవాలనే ఆసక్తి ఉన్నవాళ్లు గోండులైనా, కోలాములైనా, ఓజాలైనా వారి అనుమతితో, గౌరవంతో వెళ్లి కూర్చోవాలి.

వచ్చే దండారికి ముందు మీ ఊళ్లోని పాత గజ్జెను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద చుట్టిన మైనపు దారాల గీతలు ఇంకా కనిపిస్తాయి. ఆ దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వెతకండి. తర్వాత కాస్త మైనం తెచ్చుకుని అలా చుట్టి చూడండి. మొదటిది వంకర పోతుంది. కరిగించి మళ్లీ చుట్టండి.