సింగపూరు తెక్కా బజారు : వీధి వంటల చరిత్ర

మన బరంపురపు తెలుగువారికి సముద్రయానం కొత్త కాదు. గోపాలపురం రేవునుండి రంగూనుకు స్టీమర్లు నడచిన రోజులలో గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల జనం పొట్టకూటి కొరకు వేల సంఖ్యలో బర్మా వెళ్ళినారు. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించగా, వారిలో అనేకులు అడవులు దాటి కాలినడకను తిరిగివచ్చినారు. మా తాతగారు చెప్పిన ఆ కథలు వింటూ పెరిగిన మేము, పార్సెలు ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ కొన్నేండ్లు కూడబెట్టిన సొమ్ముతో, కిందటేడు సకుటుంబంగా అయిదు రోజులు సింగపూరు చూచివచ్చినాము. అక్కడ ఓడల మరమ్మతు యార్డులో పనిచేసే మా మేనమామ కుమారుడు, మాకు వరుసకు బావ, రమ్మని పట్టుబట్టడమే దీనికి కారణం.

అందరూ చూచే మేడలు, తోటలు మేమూ చూచినాము. కాని ఇంటికి వచ్చిన తరువాత మనసులో నిలిచినది తెక్కా బజారులో గడిపిన ఒక సాయంకాలం. దానిని గురించి, దాని వెనుకనున్న చరిత్రను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

తెక్కా ఉన్నది సెరంగూన్ రోడ్డు మొదట్లో. ఆ ప్రాంతాన్ని 'లిటిల్ ఇండియా' అంటారు. తెక్కా అనేది చీనావారి హొక్కియన్ మాట నుండి వచ్చినది; చిన్న వెదుళ్ళు అని అర్థం. మలై భాషలో అదే చోటును కందాంగ్ కెర్బావ్ అన్నారు, అంటే గేదెల దొడ్డి. అక్కడొక వీధి పేరు నేటికీ బఫెలో రోడ్డు. తమిళులు సెరంగూన్ రోడ్డు ప్రాంతాన్ని సుణ్ణాంబు కంబం అనేవారు, అంటే మన సున్నమే. ఒక్క బజారుకు మూడు భాషలలో మూడు పేర్లు! ఈ పేర్లే దాని చరిత్ర చెబుతాయి. పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడ ఇటుక బట్టీలు, సున్నపు బట్టీలు ఉండేవి. 1842లో దగ్గరలోనే గుర్రప్పందెముల మైదానం ఏర్పడినది. నీరు, గడ్డి ఉండడంచేత పశువుల వర్తకులు చేరినారు. ఈ పనులన్నిటిలోను మన దేశపువారు ఎక్కువ. 1855లో అక్కడ పెరుమాళ్ కోవెల వెలసినది. జనం ఎక్కడ నిలిస్తే అక్కడ దేవుడు, దేవుని వెంట అంగడి వస్తాయి గదా!

1819లో ఇంగ్లీషువారు సింగపూరులో వర్తక కేంద్రం స్థాపించిన తరువాత చీనా, మలై ద్వీపాలు, మన దేశం నుండి వచ్చిన వారిలో అధికులు ఒంటరి మగవారు. రేవులో మూటలు మోసేవానికి ఇల్లు లేదు, పొయ్యి లేదు, వండిపెట్టే ఆలి లేదు. ఒక్కొక్క గదిలో పదిమంది పడుకునేవారు. అటువంటివారికి అన్నం పెట్టినది వీధి వర్తకుడు. చీనావాడు కావడికి ఒక ప్రక్క పొయ్యి, రెండవ ప్రక్క గిన్నెలు వ్రేలాడదీసి వీధి వీధి తిరిగేవాడు. మలైవాడు మాంసపు ముక్కలను పుల్లలకు గుచ్చి నిప్పులమీద కాల్చి ఇచ్చేవాడు, అదే 'సాతే'. తమిళ ముస్లిములు రొట్టెలు, అల్లపు టీ అమ్మేవారు. పెట్టుబడి లేనివానికి వీధి వంట ఒక బ్రతుకుతెరువు. ఇల్లు లేనివానికి అదే వంటిల్లు.

ప్రభుత్వానికి మాత్రం వీరు తలనొప్పిగా ఉండేవారు. దారి అడ్డమని, కాలువలలో ఎంగిలి పారబోస్తారని, కలరా, టైఫాయిడు వ్యాపిస్తాయని ఫిర్యాదులు. అవి అబద్ధములు కావు; కొళాయి లేనిచోట ఒక్క బాల్చీ నీటితో రోజంతా పళ్ళెములు కడిగితే ఏమవుతుంది? లైసెన్సులు పెట్టినారు, దాడులు చేసినారు. యుద్ధానంతరం నిరుద్యోగం హెచ్చి వీధి వర్తకులు ఇంకా పెరిగినారు. 1950లో ఈ సమస్యపై ఒక విచారణ సంఘం నివేదిక కూడ సమర్పించినది.

మేము రైల్వేవారము గనుక ఈ కథ మాకు తెలిసినదే. ప్లాట్‌ఫారముపై లైసెన్సు గల వెండరు నిలిచి అమ్ముకుంటాడు. లేనివాడు, ఖాకీ బట్ట కనబడగానే గంపతో పరుగెత్తుతాడు. ఇద్దరి గంపలోనూ ఉన్నది అదే బఠాణీ.

1965లో సింగపూరు స్వతంత్ర దేశమైనది. 1968, 69 సంవత్సరాలలో దీవి అంతటా వీధి వర్తకులను నమోదు చేసినారు. 1971 నుండి 1986 వరకు వారినందరిని, కొళాయి, మురుగుకాలువ, విద్యుద్దీపాలు గల పెద్ద పెద్ద కప్పుల క్రిందికి తరలించినారు. వీటినే హాకర్ సెంటర్లు అంటారు. 1977లో మొదలై 1987 వరకు సాగిన నది శుద్ధి కార్యక్రమంలో నదీతీరపు వంటవారు కూడ లేచిపోయినారు. మొదటి తరం వారికి అద్దెలో రాయితీ ఇచ్చినారు. తరతరాల బేరం కుదిరిన వీధిమూల విడిచిపోవడం ఎవరికి ఇష్టం? ఏడ్చినవారు, ఎదిరించినవారు లేకపోలేదు. కాని తరిమివేయడానికీ, తరలించడానికీ ఉన్న భేదం గమనింపదగినది. తరిమినవాడు మరునాడు మరొక వీధిలో గంప దింపుతాడు; చోటిచ్చి తరలించినందువల్ల వీధీ బాగుపడినది, వంటవానికీ నిలకడ కలిగినది. తెక్కాలో 1915లో కట్టిన పాత మార్కెటు కూడ ఇట్లే 1982లో రోడ్డు అవతలనున్న కొత్త భవనంలోకి మారినది. అదే మేము చూచినది.

మేము వెళ్ళినది శనివారం సాయంకాలం. ఒక ప్రక్క కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే అంగళ్ళు; మరొక ప్రక్క వరుసగా వంటల అంగళ్ళు; పైఅంతస్తులో చీరెలు, బట్టలు. పెనములమీద గరిటెల చప్పుడు, నాలుగు భాషల కేకలు. ఖాళీగా కనిపించిన బల్ల దగ్గర మేము కూర్చోబోగా, మా బావగారు ఆపినారు. బల్లమీద చిన్న కాగితపు రుమాళ్ళ పొట్లం ఉన్నది. ఎవరో చోటు పట్టుకొని తిండి తెచ్చుకొనడానికి వెళ్ళినారట! దానిని వారు 'చోప్' చేయడమంటారు. మన జనరలు పెట్టెలో కిటికీలోనుండి తువ్వాలు విసరి సీటు పట్టుకొనే విద్య సముద్రం దాటి అంత దూరం వెళ్ళినదా అని అందరం నవ్వుకొన్నాము.

శనివారం గనుక మా ఇంటివారు దోసెతో సరిపెట్టుకొన్నారు. అక్కడ దానిని 'తోసై' అంటారు. మేము 'రోజాక్' తిన్నాము. మలై భాషలో ఆ మాటకు కలగలుపు అని అర్థం. బంగాళాదుంపలు, రొయ్యల వడలు, గ్రుడ్లు, సోయా జున్ను ముక్కలు కోసి, తియ్యగా కారంగా ఉండే చిక్కని పులుసులో అద్దుకొని తినాలి. ఇది 'ఇండియన్ రోజాక్' అట. ఇండియాలో మాత్రం ఎవరూ ఎరుగరు! చీనావాని గోధుమ సేమ్యాను మన మసాలాతో వేయించిన 'మీ గోరెంగ్' కూడ అటువంటిదే. మన పరోటా అక్కడ 'ప్రాటా' అయి కూరతో వస్తుంది. కాఫీని 'కోపి' అని, పాలు లేనిదానిని 'కోపి-ఓ' అని అడగాలి. ఆ 'ఓ' చీనావారిది, నలుపు అని అర్థం. వలస వెళ్ళిన వంట పుట్టింటి రుచి పూర్తిగా మరువదు, అత్తవారింటి రుచి నేర్వక మానదు. బరంపురంలో పుట్టి పెరిగిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ప్రాటా చేసే ఆయనకు డెబ్బదేండ్లు ఉండవచ్చును. పిండిముద్దను రెండు చేతులతో గాలిలో త్రిప్పి పలుచని గుడ్డవలె పరచి మడత పెడుతుంటే మా అమ్మాయి కన్నార్పక చూచినది. మా బావగారు తమిళంలో పలుకరించగా, తన తండ్రి ఇదే పనిని చెట్టుక్రింద చేసేవాడని, తనకు కప్పు దొరికిందని, కొడుకు బ్యాంకులో ఉద్యోగి అని చెప్పినాడు. తరువాత ఈ పెనం ఎవరిదని అడిగితే, కొడుకు సుఖంగా ఉన్నాడు, అదే చాలునని నవ్వి, మరొక ముద్ద తీసుకొన్నాడు. ఆ నవ్వులో సంతోషమెంతో, దిగులెంతో మాకు తెలియలేదు.

ఆ దిగులు ఆయన ఒక్కనిదే కాదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో, సింగపూరు హాకర్ సంస్కృతిని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. ఒకప్పుడు తరుముడుపడినవానికి ఇంతకంటె గౌరవమేమి కావాలి? దేశమంతటా నూటికి పైగా హాకర్ సెంటర్లు ఉన్నవి. అయినా ఆ వంటవారి వయస్సు అరవైకి దగ్గరపడినదని అక్కడి ప్రభుత్వమే విచారపడి, యువకులకు శిక్షణ ఇప్పిస్తున్నది. కప్పు ప్రభుత్వం వేయగలదు, గౌరవం లోకం ఇవ్వగలదు. పిండి పిసికే చేయి మాత్రం ఇంటిలోనుండి రావాలి, లేదా నేర్పగా రావాలి.

తిరుగు ప్రయాణంలో మాకు మన సంగతే మనసులో మెదలినది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం మద్రాసు నుండి విడివడిన నాటినుండి మన పెద్దలు తెలుగును కాపాడుకొంటూ వచ్చినారు. సింగపూరు తెలుగువారు కూడ 1975లో తమ సమాజం స్థాపించుకొన్నారు. మనకూ సంఘమున్నది, ఏటేటా పండుగ ఉన్నది, ఈ సంచిక ఉన్నది. ఇవన్నీ కప్పు. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది. జవాబు ఒడియాలో చెబుతుంది. ఒడియా రావడం మంచిదే, అది మనకు అన్నం పెట్టిన భాష. తప్పు పిల్లది కాదు. పెనం మేమే పట్టుకొని కూర్చున్నాము, పిండిముద్ద దాని చేతికి ఇవ్వలేదు. ప్రతి ఉగాదికి పచ్చడి చేతిలో పోసినాము. వేపపూత ఎంత, బెల్లమెంత, చింతపండెంత అని ఒక్కనాడు చెప్పలేదు.

ఈ ఉగాదికి మా ఇంట పచ్చడి మా అమ్మాయి కలుపుతుంది. పాళ్ళు తెలుగులో చెప్పించుకొని, తెలుగులో వ్రాసుకొని కలుపుతుంది. చేదు హెచ్చినా మేము తింటాము. మీ ఇండ్లలో కూడ పిల్లల చేతికి గిన్నె ఇవ్వవలసినదిగా కోరుతూ, సోదర సోదరీమణులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.