చర్మపు పుండ్లు - రక్తనాళాల వాపు
రక్తనాళాల గోడలు వాచే జబ్బును వాస్క్యులైటిస్ అంటారు. లోపలి అవయవాలకు సోకే ముందే అది చాలాసార్లు చర్మం మీద బయటపడుతుంది. వాచిన నాళం ఇరుకై రక్తం గడ్డకడితే, ఆ నాళం మీద ఆధారపడిన చర్మం చచ్చి పుండు పడుతుంది. నిలబడినప్పుడు రక్తపు ఒత్తిడి కాళ్లలోనే ఎక్కువ కాబట్టి పుండ్లు ఎక్కువగా మోకాలి కిందే వస్తాయి. వాటికి ముందు తరచుగా చేతికి తగిలేలా ఉబ్బిన ఊదారంగు మచ్చలు లేస్తాయి. గాజు పలకతో నొక్కినా ఆ రంగు పోదు. రక్తం అప్పటికే నాళం దాటి బయటికి వచ్చేసి ఉంటుంది. 1866లో కుస్మాల్, మాయర్ వివరించిన పాలీఆర్టరైటిస్ నోడోసాలోనైతే చర్మం కింద గడ్డలు కట్టి పుండ్లవుతాయి.

కాలి పుండ్లలో అధికభాగం సిరల లోపం వల్లో, మధుమేహం వల్లో వచ్చేవే కదా, ఇంత అనుమానం దేనికన్న అభ్యంతరం ఉంది. నిజమే, అందరికీ బయాప్సీ అక్కర్లేదు. కానీ తీవ్రమైన నొప్పి, ఊదారంగు మచ్చలు, జ్వరం, కీళ్లనొప్పులు, పాదాల తిమ్మిరి తోడైతే లెక్క మారుతుంది. అప్పుడు ముక్క తీయాల్సింది పుండు అంచు నుంచి. నడిమి నుంచి తీస్తే, కారణం వేరైనా అక్కడి నాళాలు వాచినట్టే కనిపించవచ్చు. మూత్రపరీక్ష అంతకన్నా ముఖ్యం. కిడ్నీలు దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి తెలియదు, మూత్రంలో రక్తం, ప్రొటీన్ పడుతుంటాయంతే. ఇలాంటి పుండుకు కట్లు మారుస్తూ కాలయాపన చేయకుండా ఆ పరీక్ష మొదటి రోజే చేయించాలి.