క్రిప్టో లాభాలపై పన్ను తగ్గించాలా? 30 శాతం రేటుపై చర్చ ఎందుకు ఆగడం లేదు?

ఒక వ్యక్తి ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండు రకాల క్రిప్టో కరెన్సీలు కొన్నారనుకుందాం. మొదటిదాన్ని అమ్మితే లక్ష రూపాయల లాభం వచ్చింది. రెండోదాన్ని అమ్మితే లక్ష రూపాయల నష్టం వచ్చింది. ఏడాది చివర ఆయన చేతిలో మిగిలిన లాభం సున్నా. కానీ భారతదేశంలో ప్రస్తుతం అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆయన సెస్సుతో కలిపి 31,200 రూపాయల ఆదాయపు పన్ను చెల్లించాలి.

అదే వ్యక్తి క్రిప్టోకు బదులు స్టాక్ మార్కెట్‌లో రెండు కంపెనీల షేర్లు కొని, తక్కువ కాలంలోనే అమ్మి, అంతే లాభం, అంతే నష్టం పొంది ఉంటే ఆ లావాదేవీలపై పన్ను ఉండేది కాదు.

క్రిప్టో లాభాలపై పన్ను తగ్గించాలన్న చర్చకు ఈ వ్యత్యాసమే కేంద్రబిందువు. చర్చ సాధారణంగా 30 శాతం అనే అంకె చుట్టూ తిరుగుతున్నప్పటికీ, వివాదంలో ఉన్న అంశాలు మూడు. పన్ను రేటు ఒకటి, నష్టాలను లాభాలతో సర్దుబాటు చేసుకోనివ్వకపోవడం మరొకటి, ప్రతి అమ్మకంపైనా 1 శాతం మూలంలోనే పన్ను కోత మూడోది.

చట్టం ఏం చెబుతోంది?

2022 ఫిబ్రవరి 1న పార్లమెంటులో బడ్జెట్ ప్రవేశపెడుతూ ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఈ పన్ను విధానాన్ని ప్రకటించారు. క్రిప్టో కరెన్సీలు, ఎన్‌ఎఫ్‌టీల వంటివాటిని చట్టం 'వర్చువల్ డిజిటల్ ఆస్తులు' అని పిలుస్తుంది.

వీటి బదిలీపై వచ్చే ఆదాయానికి 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను వర్తిస్తోంది. దీనికి సెస్సు, ఆదాయాన్ని బట్టి సర్‌చార్జీ అదనం. ఆస్తిని కొన్న ధరను తప్ప మరే ఖర్చునూ ఆదాయం నుంచి మినహాయించుకోవడానికి వీల్లేదు. క్రిప్టో 'మైనింగ్'కు అయ్యే వ్యయాన్ని కొనుగోలు ధరగా పరిగణించబోమని ప్రభుత్వం 2022 మార్చిలో లోక్‌సభకు స్పష్టం చేసింది.

నష్టాన్ని ఇతర ఆదాయంతోనే కాదు, మరో క్రిప్టో ఆస్తిపై వచ్చిన లాభంతోనూ సర్దుబాటు చేసుకోకూడదు. తరువాతి సంవత్సరాలకు బదలాయించుకోవడమూ కుదరదు.

దీనికి తోడు 2022 జూలై 1 నుంచి, క్రిప్టో ఆస్తి విక్రేతకు చెల్లించే మొత్తంలో 1 శాతాన్ని మూలంలోనే కోసి ప్రభుత్వానికి జమ చేయాలి. ఏడాదిలో చెల్లింపులు 10 వేల రూపాయలు, కొన్ని వర్గాల వ్యక్తుల విషయంలో 50 వేల రూపాయలు దాటినప్పుడు ఇది వర్తిస్తుంది. దేశీయ ఎక్స్చేంజీల్లో జరిగే లావాదేవీల్లో సాధారణంగా ఎక్స్చేంజీలే ఈ కోత విధిస్తాయి.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ 30 శాతం రేటుకు ఆదాయ శ్లాబులతో సంబంధం లేదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల వరకు సాధారణ ఆదాయం ఉన్నవారు రిబేటు వల్ల పన్ను కట్టనవసరం లేదు. కానీ వేరే ఏ ఆదాయమూ లేని విద్యార్థి క్రిప్టోపై 20 వేల రూపాయలు ఆర్జించినా, దానిపై కోటీశ్వరుడితో సమానంగా 30 శాతం రేటు వర్తిస్తుంది.

నిషేధానికీ అనుమతికీ మధ్య

ఈ పన్ను ఎందుకింత కఠినంగా ఉందో తెలియాలంటే దాని పూర్వాపరాలు చూడాలి. క్రిప్టో వ్యాపారం చేసేవారికి సేవలు అందించవద్దని భారతీయ రిజర్వ్ బ్యాంకు 2018 ఏప్రిల్ 6న బ్యాంకులను ఆదేశించింది. ఇంటర్నెట్ అండ్ మొబైల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా దీనిని సవాలు చేసింది. ఆ ఆదేశం సమస్య తీవ్రతకు తగిన నిష్పత్తిలో లేదని భావించిన సుప్రీంకోర్టు 2020 మార్చి 4న దాన్ని కొట్టివేసింది.

ప్రైవేటు క్రిప్టో కరెన్సీలను నిషేధించే ఉద్దేశంతో ఒక బిల్లును 2021 శీతాకాల సమావేశాల ఎజెండాలో చేర్చినప్పటికీ, అది సభ ముందుకు రాలేదు. నిషేధం రాలేదు, నియంత్రణ చట్టమూ రాలేదు. పన్ను మాత్రం వచ్చింది.

పన్ను విధించినంత మాత్రాన క్రిప్టోకు చట్టబద్ధత కల్పించినట్లు కాదని ప్రభుత్వం మొదటి నుంచీ చెబుతోంది. లాటరీలు, గుర్రపు పందేల గెలుపు సొమ్ముపై ఉన్న 30 శాతం రేటే దీనికీ నిర్ణయించడంలో ప్రభుత్వ దృక్పథం కనిపిస్తుంది. క్రిప్టోను పెట్టుబడిగా కంటే పందెంగానే చట్టం చూస్తోందన్నది విమర్శకుల మాట.

తగ్గించాలనేవారి వాదన ఏమిటి?

పన్ను సడలించాలని కోరుతున్న పరిశ్రమ వర్గాల ప్రధాన అభ్యంతరం 1 శాతం కోతపైనే. ఈ కోత లాభంపై కాదు, మొత్తం అమ్మకపు విలువపై పడుతుంది. నష్టానికి అమ్మినా కోత తప్పదు.

దీని ప్రభావం తరచుగా కొని అమ్మేవారిపై ఎక్కువ. ఉదాహరణకు, ఒకరు లక్ష రూపాయలతో క్రిప్టో కొని, అదే ధరకు అమ్మి, వచ్చిన మొత్తంతో మళ్లీ కొంటూ పోతున్నారనుకుందాం. ప్రతి అమ్మకంలోనూ 1 శాతం తగ్గుతూ, 69వ అమ్మకం పూర్తయ్యేసరికి చేతిలో తిరిగే సొమ్ము సుమారు సగానికి పడిపోతుంది. అలా కోసిన పన్నును రిటర్ను దాఖలు చేసి వాపసు పొందవచ్చు. కానీ అప్పటి వరకు ఆ సొమ్ము చిక్కుకుపోయి ఉంటుంది.

ఫలితంగా వ్యాపారం దేశం వెలుపలి వేదికలకు తరలిపోయిందని వీరంటున్నారు. ఢిల్లీకి చెందిన ఈస్యా సెంటర్ అనే విధాన పరిశోధన సంస్థ, 2022 ఫిబ్రవరి నుంచి అక్టోబరు వరకు 380 కోట్ల డాలర్లకు పైగా విలువైన భారతీయుల లావాదేవీలు విదేశీ ఎక్స్చేంజీలకు మళ్లాయని అంచనా వేసింది. మూలంలో కోతను 0.01 శాతానికి తగ్గించాలన్నది పరిశ్రమ చిరకాల డిమాండు. లావాదేవీల జాడ తెలుసుకోవడమే లక్ష్యమైతే అందుకు ఆ స్వల్ప రేటు కూడా సరిపోతుందన్నది వారి వాదన.

నష్టాల విషయంలో వారు ప్రశ్నిస్తున్నది సమానత్వాన్ని. లాభంలో ప్రభుత్వం వాటా తీసుకుంటున్నప్పుడు నష్టాన్ని పూర్తిగా వ్యక్తికే వదిలేయడం న్యాయమా అన్నది ప్రశ్న. 2024 జూలైలో వజీర్ఎక్స్ ఎక్స్చేంజీపై జరిగిన సైబర్ దాడిలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు చోరీకి గురయ్యాయి. ఖాతాదారుల సొమ్ము నెలల తరబడి స్తంభించిపోయింది. అలాంటి నష్టానికి సైతం ఈ ప్రత్యేక పన్ను నిబంధనల్లో ఎలాంటి మినహాయింపూ లేదు.

వద్దనేవారు ఏమంటున్నారు?

ప్రతివాదన కూడా బలమైనదే. క్రిప్టో ఆస్తుల వెనుక అంతర్లీన విలువ ఏదీ లేదని, అవి ద్రవ్య వ్యవస్థకూ ఆర్థిక సుస్థిరతకూ ముప్పు అని రిజర్వ్ బ్యాంకు పదేపదే హెచ్చరించింది. 2022 ఫిబ్రవరిలో నాటి గవర్నర్ శక్తికాంత దాస్, పదిహేడో శతాబ్దంలో డచ్చివారిని ఊపేసిన తులిప్ పూల వ్యామోహాన్ని గుర్తుచేస్తూ, క్రిప్టోకు ఆ పువ్వుపాటి విలువైనా లేదన్నారు.

ఈ దృక్కోణంలో అధిక పన్ను ఒక హెచ్చరిక బోర్డు లాంటిది. దాన్ని తగ్గిస్తే, ధరల ఒడుదొడుకులను తట్టుకోలేని చిన్న మదుపరులకు ఈ మార్కెట్ సురక్షితమన్న సంకేతం వెళుతుందనే ఆందోళన ఉంది.

నష్టాల సర్దుబాటుకు అనుమతిస్తే దుర్వినియోగం జరిగే అవకాశం కూడా ఉంది. విలువను కచ్చితంగా నిర్ధారించలేని, ఎవరి ఆధీనంలో ఉందో సులువుగా తెలియని ఆస్తుల్లో, బంధుమిత్రుల మధ్య అమ్మకాలతో కాగితంపై నష్టాలు సృష్టించడం కష్టం కాదు. విదేశీ వేదికలపై జరిగిన లావాదేవీలను సరిచూసుకునే పూర్తి యంత్రాంగం లేనప్పుడు ఇలాంటి నష్టాలను అధికారులు పరిశీలించడం కష్టమవుతుంది.

ఇక 1 శాతం కోత ఉద్దేశం ఆదాయం కంటే నిఘా అని ప్రభుత్వ పక్షం చెబుతోంది. ఎవరు, ఎప్పుడు, ఎంత విలువకు అమ్మారన్న సమాచారం దాని ద్వారానే అందుతుంది. రిటర్నుల్లో క్రిప్టో ఆదాయం చూపని 44 వేల మందికి పైగా పన్ను చెల్లింపుదారులకు ఆదాయపు పన్ను శాఖ సందేశాలు పంపింది.

అంకెలు ఎవరి వైపు?

పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన వివరాల ప్రకారం క్రిప్టో లాభాలపై పన్ను రూపంలో 2022-23లో 269.09 కోట్ల రూపాయలు, 2023-24లో 437.43 కోట్ల రూపాయలు వచ్చాయి. మూలంలో కోత ద్వారా జమ అయిన మొత్తం 2022-23లో 221.27 కోట్లు, 2023-24లో 362.70 కోట్లు, 2024-25లో 511.83 కోట్ల రూపాయలు.

ఈ లెక్కలను ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చదవవచ్చు. 1 శాతం కోతగా 511.83 కోట్లు వచ్చాయంటే, ఆ ఏడాది కోత పరిధిలోకి వచ్చిన అమ్మకాల విలువ 51 వేల కోట్ల రూపాయలకు పైమాటే. అంటే పన్ను కఠినంగా ఉన్నా దేశీయ మార్కెట్ కుప్పకూలలేదు, ఏటా పెరుగుతోంది.

మరోవైపు, 2023-24లో వచ్చిన 437 కోట్ల పన్నును 30 శాతం రేటుతో లెక్కిస్తే, ప్రకటిత లాభాలు సుమారు 1,450 కోట్ల రూపాయలే అవుతాయి. క్రిప్టో వినియోగంలో 2023 నుంచి 2025 వరకు వరుసగా మూడేళ్లు చైనాలిసిస్ సంస్థ సూచీలో భారత్ ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అంత విస్తృత వినియోగమున్న దేశంలో ప్రకటిత లాభాలు ఇంత తక్కువగా ఉండటం, చాలా భాగం పన్ను వలకు బయటే ఉందన్న అనుమానానికి తావిస్తోంది.

ఇతర దేశాల్లో ఎలా ఉంది?

ప్రపంచమంతటా ఒకే విధానం లేదు. జర్మనీలో వ్యక్తులు ఏడాదికి మించి అట్టిపెట్టుకుని అమ్మిన క్రిప్టోపై పన్ను ఉండదు. అమెరికాలో దీనిని ఆస్తిగా పరిగణించి మూలధన లాభాల పన్ను వేస్తారు, నష్టాల సర్దుబాటుకు అనుమతిస్తారు. జపాన్‌లో స్థానిక పన్నుతో కలిపి రేటు గరిష్ఠంగా 55 శాతం వరకు చేరే విధానం కొనసాగగా, దానిని షేర్ల మాదిరిగా 20 శాతానికి తేవాలన్న ప్రతిపాదనను అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థే ముందుకు తెచ్చింది.

భారత్‌లోని చర్చకు దగ్గరగా ఉన్నది ఇండొనేసియా ఉదాహరణ. అక్కడ 2025 ఆగస్టు నుంచి దేశీయ ఎక్స్చేంజీలో అమ్మితే లావాదేవీ విలువపై 0.21 శాతం, విదేశీ ఎక్స్చేంజీలో అమ్మితే 1 శాతం పన్ను. వ్యాపారం దేశంలోనే ఉండేలా పన్నును మలచడం అక్కడి వ్యూహం. భారత్‌లో చట్టప్రకారం రెండింటికీ ఒకే రేటు ఉన్నా, విదేశీ వేదికలపై దాని వసూలు బలహీనంగా ఉండటంతో ఆచరణలో భారం దేశీయ వేదికలపైనే పడుతోందన్నది పరిశ్రమ ఫిర్యాదు.

రేటు మారలేదు, నిఘా పెరిగింది

2022 తరువాత 30 శాతం రేటులో సడలింపు రాలేదు. దానికి బదులుగా నిఘా యంత్రాంగం విస్తరించింది. 2023 మార్చిలో క్రిప్టో సేవల సంస్థలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. అదే ఏడాది డిసెంబరులో తొమ్మిది విదేశీ ఎక్స్చేంజీలకు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ నోటీసులిచ్చింది. వాటిలో ఒకటైన బైనాన్స్ ఆ యూనిట్ వద్ద నమోదు చేసుకోగా, 2024 జూన్‌లో దానికి 18.82 కోట్ల రూపాయల జరిమానా విధించారు.

2025 బడ్జెట్‌లో వెల్లడించని ఆదాయం నిర్వచనంలో క్రిప్టో ఆస్తులను చేర్చారు. క్రిప్టో లావాదేవీల వివరాలను నిర్దేశిత సంస్థలు పన్ను శాఖకు సమర్పించాలన్న నిబంధననూ తెచ్చారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా రూపొందిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ప్రత్యేక పన్ను విధానాన్ని యథాతథంగా ఉంచారు. దేశాల మధ్య క్రిప్టో సమాచార మార్పిడికి ఓఈసీడీ రూపొందించిన విధానాన్ని 2027 నుంచి అమలు చేస్తామని భారత్ అంగీకరించింది.

ఈ చివరి అంశం చర్చ దిశను మార్చగలదు. విదేశీ వేదికల సమాచారం నేరుగా పన్ను శాఖకు చేరడం మొదలైతే, లావాదేవీల జాడ కోసం 1 శాతం కోత తప్పనిసరి అనే వాదన కొంత బలహీనపడుతుంది. కల్పిత నష్టాలను పట్టుకోవడం సులభమవుతుంది కనుక సర్దుబాటును నిరాకరించడానికి ఉన్న కారణాల్లో ఒకటి కూడా తొలగుతుంది. అప్పుడు మిగిలేది విధానపరమైన ప్రశ్న ఒక్కటే. క్రిప్టోను ప్రజలు దూరంగా ఉండవలసిన పందెంగా చూడాలా, లేక నియంత్రణతో అనుమతించవలసిన పెట్టుబడిగా చూడాలా?

ఆ ప్రశ్నకు సమాధానం పన్ను చట్టంలో దొరకదు. దానికి సమగ్ర నియంత్రణ చట్టం కావాలి. అది వచ్చే వరకు, ఏడాది చివర లాభం సున్నాగా తేలిన మదుపరి సైతం గెలిచిన పందేనికి పన్ను కట్టవలసిందే. ఓడిన పందెం మాత్రం ఆయన సొంత ఖాతాలోనే మిగిలిపోతుంది.