నెట్‌హ్యాక్

నెట్‌హ్యాక్ కంప్యూటరులో ఒంటరిగా ఆడుకొనే పాత్రపోషణ ఆట. దీని మొదటి కూర్పు 1987 జూలైలో విడుదలైనది. ఇందులో పాత్ర మరణించినచో ఆట అంతటితో ముగియును. ఆటగాడు మరల కొత్త పాత్రతో మొదటి అంతస్తు నుండి ప్రారంభించవలెను. ఆటగాళ్ళు ఈ నియమమును పెర్మాడెత్, అనగా శాశ్వత మరణము, అందురు.

చరిత్ర

1980 ప్రాంతమున మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ యూనిక్స్ యంత్రములకు రోగ్ అను ఆటను తయారుచేసిరి. తరువాత కెన్ ఆర్నాల్డ్ వారితో చేరెను. రోగ్‌ను అనుసరించి జే ఫెన్లాసన్ తన మిత్రులతో హ్యాక్ అను ఆటను వ్రాయగా, 1984లో ఆండ్రీస్ బ్రౌవర్ దానిని విస్తరించి విడుదల చేసెను. నెట్‌హ్యాక్ దాని నుండి పుట్టినది. పేరులోని 'నెట్' ఈ ఆటను తీర్చిన ప్రోగ్రామర్లు యూజ్‌నెట్ ద్వారా కలిసి పనిచేసిన సంగతిని సూచించును. పలువురు ఒకేసారి ఆడే ఆట అని పొరబడరాదు.

ఆట

వీరుడు, మాంత్రికుడు, పురావస్తు పరిశోధకుడు మొదలగు 13 వృత్తులలో ఒకదానిని ఎంచుకొని, పెంపుడు జంతువుతో నేలమాళిగలోనికి దిగవలెను. యెండోర్ తాయెత్తును సంపాదించి తన దేవునికి సమర్పించుటే లక్ష్యము. అంతస్తుల అమరిక ప్రతి ఆటలోను మారును. పానీయముల రంగులు, మంత్రపత్రముల పేర్లు కూడ మారును గనుక నిన్న మేలుచేసిన ఎర్ర పానీయము నేడు గుడ్డితనము తేవచ్చును.

మరణము

ఆటను భద్రపరచు సదుపాయము కలదు, కాని అది పుస్తకములో పెట్టుకొను గుర్తు వంటిది మాత్రమే. భద్రపరచగానే ఆట ఆగిపోవును. తిరిగి తెరచినపుడు ఆ ఫైలు తొలగింపబడును. ముందుగానే ఫైలుకు నకలు తీసి దాచుకొనువారు లేకపోలేదు. తక్కిన ఆటగాళ్ళు దానిని మోసముగా ఎంచుదురు.

చావులలో అధికభాగము తొందరపాటు వలన కలుగును. కాకట్రైస్ అను జంతువు శవమును ఉత్తచేతులతో ఎత్తినవాడు వెంటనే రాయి అగును. చేతితొడుగులు ధరించినచో అదే శవము గొప్ప ఆయుధము. అయితే దానిని పట్టుకొని గోతిలో పడినచో తొడుగులున్నను మరణమే. గాలిలో తేలు నీలికన్నును కత్తితో కొట్టినవాడు చాలసేపు కదలలేడు. ఈలోగా ఒక చిన్న ఎలుకైనను అతనిని చంపగలదు.

ప్రాణశక్తి ఏడవ వంతు కంటె తగ్గినపుడు ప్రార్థించినచో దేవుడు సాధారణముగా కాపాడును. వెంటవెంటనే ప్రార్థించినచో ఆగ్రహించును. ప్రాణరక్షక తాయెత్తు ధరించినవాడు ఒకసారి బ్రతికి లేచును, తాయెత్తు నశించును.

మరణించిన పిదప సంచిలోని వస్తువులను గుర్తించి చూపవలెనా అని ఆట అడుగును. తనను రక్షింపగలిగిన మంత్రదండము సంచిలోనే ఉన్నదని పలువురు అప్పుడు తెలుసుకొందురు. ఇది ఈ ఆటలోని అత్యంత క్రూరమైన ఘట్టము. పాత్ర పోయినను ఆ తెలివి ఆటగానికి మిగులును. తరువాతి ఆటలో అక్కరకు వచ్చునది అదియే.

కొన్నిమార్లు మరణించిన అంతస్తు యథాతథముగా ఎముకల ఫైలులో నిలిచియుండును. అదే యంత్రముపై తరువాత ఆడువారు అచటికి చేరినచో మృతుని ప్రేతము, అతని సామగ్రి, చాలవరకు అతనిని చంపిన మృగము కూడ ఎదురగును. ఆ సామగ్రిలో అధికభాగము శాపగ్రస్తమై యుండును గనుక పరీక్షించక ధరించరాదు.

నేర్చుకొనువారికి అన్వేషణ విధానము కలదు. అందులో చావును నిరాకరించవచ్చును, కాని ఆ ఆటకు అత్యధిక స్కోర్ల పట్టికలో చోటు లేదు.